కారు బానెట్ లాక్ ఎందుకు పడదు?

బానెట్ లాక్ పడకపోవడానికి ఎక్కువసార్లు కారణం, ముందు గ్రిల్ వెనకున్న లాచ్ (బానెట్‌ను పట్టి ఉంచే గొళ్లెం) దుమ్ముతో, ఎండిన గ్రీజుతో బిగుసుకుపోయి తెరుచుకోకపోవడమే.

బానెట్ అడుగున ఉన్న ఇనుప కడ్డీ కిందికి దిగగానే లాచ్‌లోని పంజా దాన్ని పట్టుకోవాలి. పంజా ముందే మూసుకుని ఉంటే కడ్డీ దూరే చోటుండదు. బానెట్ ఎత్తి ఉంచి, స్క్రూడ్రైవర్‌తో పంజాను టక్కుమనేదాకా నొక్కండి. తర్వాత కారు లోపల బానెట్ తెరిచే లీవర్ లాగండి. చటుక్కున తెరుచుకుంటే లాచ్ బాగున్నట్టే. మొరాయిస్తే డబ్ల్యూడీ-40 (బిగుసుకున్న భాగాలను వదులు చేసే స్ప్రే) కొట్టి, బ్రష్‌తో మట్టి తీసి, తుడిచి, తెల్ల లిథియం గ్రీజు పూయాలి. స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేస్తే నాలుగు రోజులకే మళ్లీ మొదటికొస్తుంది. లీవర్ వెనక్కి రాకుండా వదులుగా వేలాడుతుంటే లోపం లీవర్‌ను లాచ్‌కు కలిపే కేబుల్‌లో ఉండొచ్చు.

ఉదాహరణకు, విజయవాడ ఆటోనగర్‌లో ముందుభాగం డెంటింగ్ చేయించాక లాక్ పడటం లేదంటే గ్రీజు పనిచేయదు. లాచ్ పక్కకు జరిగి ఉంటుంది. దాని బోల్టులు (చాలా కార్లకు 10 ఎంఎం స్పానర్) కాస్త వదులు చేసి, కడ్డీకి సూటిగా జరిపి బిగించాలి. మూలల్లోని రబ్బరు స్టాపర్లు మరీ పైకి ఉన్నా ఇదే తంటా, తిప్పితే దిగుతాయి.

గట్టిగా అదిమితే పడుతుందనుకోవడం పొరపాటు. అరచేతితో నొక్కితే రేకు సొట్టపోతుంది. 20-30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలేస్తే చాలు. సేఫ్టీ హుక్ (లాక్ పడకపోయినా బానెట్‌ను ఆపే రెండో కొక్కెం) పట్టుకుంది కదా అని గుంటూరు హైవే ఎక్కకండి. హుక్ ఊడితే వేగానికి గాలి బానెట్‌ను అద్దం మీదికి లేపుతుంది.