ఆల్బర్ట్‌ను రాజును చేసిన నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ నిన్న భోజనం చేశాక చేతిలోకి తీసుకున్నాను. రెండో పేజీకల్లా కునుకు ఎగిరిపోయింది. బాగుండి కాదు. 1840 ఫిబ్రవరి, విక్టోరియా పెళ్లి, ఆమె కిరీటంలో కోహినూరు, పక్కన ‘రాజు ఆల్బర్ట్’! కొల్లూరు గనిదని మనం మురిసిపోయే ఆ వజ్రం ఆవిడకి ముట్టింది 1850లో నాయనా. సరే, వజ్రాన్ని కొట్టేస్తే పోతుంది. ‘రాజు’ని కొట్టేస్తే నీ కథే మిగలదు.

ఇంగ్లండులో రాజుగారి భార్య ఎవరినీ అడక్కుండానే రాణి అవుతుంది. రాణిగారి భర్తకి మాత్రం దానంతట అదే ఏదీ రాదు. ఆల్బర్ట్‌ను రాజును చేయాలని విక్టోరియాకి ఉంది, ప్రధాని మెల్‌బోర్న్ పడనివ్వలేదు. ఏటా 50,000 పౌండ్లు భత్యం అడిగితే పార్లమెంటు 30,000తో సరిపెట్టింది. ప్రిన్స్ కన్సార్ట్, అంటే రాణిగారి భర్త, అన్న బిరుదు అధికారికంగా దక్కేసరికి 1857, అప్పటికి తొమ్మండుగురు పిల్లలు. 1861 డిసెంబరులో మనిషే పోయాడు.

ఆ పదిహేడేళ్లనీ నువ్వు ఒక్క ముక్కతో మింగేశావు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ప్రభుత్వ కాగితాల మీద సంతకం పెడుతుంటే, ఈయన పక్కన నిలబడి తడి సిరా మీద అద్దుడు కాగితం ఒత్తేవాడు. ఇంట్లో భర్తనే గానీ యజమానిని కానని ఓ మిత్రుడికి ఉత్తరంలో గోడు వెళ్లబోసుకున్నాడు. మన ఇల్లరికపుటల్లుడికైనా పొలం గట్టు మీద ఓ మాట చెల్లుతుంది కదయ్యా! కోహినూరు మీద అంత మోజుంటే 1852కి పో. జనానికి దాని మెరుపు చాల్లేదని మళ్లీ సానబట్టించిన పని చూసుకున్నది ఆల్బర్టే. 186 క్యారెట్ల రాయి 105కి దిగింది. అప్పటికీ ఆయనకి ఆ బిరుదు లేదు.

నాదొకటే పట్టు. రాచకుటుంబాల మీద రాసేవాడు ఎవరికే బిరుదు, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎవరడ్డం పడ్డారు అన్నది తేల్చుకున్నాకే కలం పట్టాలి. ప్రేమా కన్నీళ్లూ తర్వాత చూసుకోవచ్చు. ‘భావం పలికితే చాలు, వివరాలెందుకు’ అంటూ ఈ మధ్య బయల్దేరిన వాళ్లున్నారే, వాళ్ల కథల్లో ఏ రాణి ఏ దేశానిదో కూడా తెలీదు. ఆ గాలి నీకూ సోకినట్టుంది.

వెనక ఓ వారపత్రికకి ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ మీద కథ పంపాను. 1953 జూన్ 2, ఆవిడ పట్టాభిషేకం. కట్టుకున్న పెళ్లాం ముందు మోకరిల్లి, రెండు చేతులూ ఆమె చేతుల మధ్య పెట్టి, నీ మనిషిగా ఉంటానని ప్రమాణం చేసి, లేచి బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్తాడు. ఎడిన్‌బరో డ్యూక్ అని నేను రాస్తే, ‘డ్యూక్ అంటే మనవాళ్లకి తెలీదండీ’ అంటూ ఆ సంపాదకుడు ‘రాజుగారు’ అని దిద్ది అచ్చేశాడు. రాజుగారు రాణిగారి ముందు మోకాళ్ల మీద ఎందుకు కూర్చున్నాడో ఏ పాఠకుడికీ అర్థం కాలేదు. పారితోషికం కూడా ఎగ్గొట్టారు, అది వేరే కథ. తర్వాత ఇంకోచోటికి వెళ్తే ‘ఇంగ్లండు మనకెందుకు, గోదారి మీద రాయండి’ అన్నారు. పడవ ఎక్కితేనే తల తిరిగే నన్ను పట్టుకుని!

ఆల్బర్ట్ జర్మన్ యాస మీద నువ్వు రాసిన రెండు వాక్యాలు బాగున్నాయి.

నీ తర్వాతి కథ చార్లెస్ రెండో భార్య కమిల్లా మీద అన్నావు. జాగ్రత్త. ఆవిడ సంగతి తిరగేసి ఉంటుంది. చట్టం ప్రకారం చార్లెస్ రాజైన క్షణాన ఆవిడ రాణి. కానీ ఆయన మొదటి భార్య డయానాని మరవని జనం గుర్రుగా ఉన్నారని 2005లో పెళ్లి నిశ్చయమైనప్పుడే, రాణి అనిపించుకోకుండా ప్రిన్సెస్ కన్సార్ట్‌తో సరిపెట్టుకుంటుందని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అత్తగారు ఎలిజబెత్ నోరు విప్పి, కోడలిని క్వీన్ కన్సార్ట్ అనే పిలవాలన్నది తన కోరిక అంది. ఇక్కడా పదిహేడేళ్లే! హక్కున్నా అక్కర్లేదన్నట్టు అన్నేళ్లు మసలిన మనిషి అత్తగారింట్లో భోజనాల బల్ల దగ్గర ఎలా కూర్చునేదో, ముందు అది రాసి పంపు. డయానా ఏడుపుతో మొదలుపెట్టావో, చదవను.