మాండావ్ కొనాలంటే ముందు బ్లేడు చూడండి, కుచ్చులూ పూసలూ తర్వాత

బోర్నియో దీవి మూలవాసులైన దయాక్ తెగల కత్తి మాండావ్ కొనాలనుకుంటున్నారు, అసలైనదో టూరిస్టుల కోసం చేసిందో ఎలా పోల్చుకోవాలి, ఇండియాకి తెచ్చుకోవచ్చా అని అడిగారు. బోర్నియోలోని మలేషియా రాష్ట్రం సరవాక్‌లో, మిరి ఊళ్లో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు వీటి మీద ఇష్టం పుట్టింది. కొన్ని కొన్నాను, అంతకంటే ఎక్కువ చూసి వదిలేశాను.

ఎవరైనా మొదట చూసేది పిడి మీద చెక్కడం, దానికి వేలాడే వెంట్రుకల కుచ్చు. వాటిని కాసేపు మర్చిపోయి కత్తిని ఒరలోంచి బయటికి తీయండి. మంచి మాండావ్‌కి రెండు వైపులూ ఒకేలా ఉండవు, ఒక వైపు కొద్దిగా ఉబ్బెత్తుగా, రెండో వైపు పల్లంగా ఉంటుంది. చూస్తే ఇది సరిగ్గా తెలియదు కాబట్టి చిన్న స్కేలు తీసుకుని దాని అంచుని బ్లేడు మీద అడ్డంగా ఆనించండి. ఒక వైపు స్కేలు అటూ ఇటూ ఊగుతుంది, రెండో వైపు స్కేలు కింద నుంచి సన్నగా వెలుతురు కనిపిస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లకి చేసినవైతే ఈ వంపు తిరగేసి ఉంటుంది, అలాంటివి అరుదు. దుకాణాల్లో వరసగా వేలాడదీసే చౌక కత్తులు చాలావరకు రేకు కోసి అంచు అరగదీసినవే, రెండు పక్కలా చదును. ఆ వంపు తేవాలంటే కమ్మరికి పని వచ్చి ఉండాలి, అందుకే నేను మొదట అదే చూస్తాను.

లారీ స్ప్రింగు పట్టీతో చేశారని మాత్రం దేన్నీ తీసిపారేయకండి. పాతకాలంలో బోర్నియో లోపలి అపో కాయాన్ లాంటి చోట్ల ఖనిజం కరిగించి ఇనుము వాళ్లే తీసేవాళ్లు, ఇప్పుడు మంచి కమ్మరులు కూడా స్ప్రింగు ఉక్కే వాడతారు, అది గట్టి ఉక్కు.

తర్వాత ఒర వెనక వైపు తిప్పండి. రెండు చెక్క ముక్కల్ని పేముతో అల్లి బిగించి ఉంటారు, వెనకాల ఒక చిన్న తొడుగు, అందులో చిన్న చాకు. ఆ చాకుకి బ్లేడు బెత్తెడు కూడా ఉండదు గానీ పిడి మాత్రం చాలా పొడుగు. పేము చీరేటప్పుడు, చెక్కడం చెక్కేటప్పుడు ఆ పొడుగు పిడిని ముంజేతి కింద అదిమిపెట్టి పని చేస్తారు, చూస్తుంటే భలే ముచ్చటేస్తుంది. పేము అల్లిక బదులు ప్లాస్టిక్ తాడో మేకులో కనిపిస్తే అసలైన మాండావ్ ధర పెట్టొద్దు.

"బ్లేడులో ఇన్ని ఇత్తడి చుక్కలున్నాయంటే అన్ని తలలు నరికిన కత్తి" అని చెప్పి రేటు పెంచేవాళ్లు ఉంటారు. ఆ కథకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. డచ్ బోర్నియోలోని (ఇప్పటి ఇండోనేషియా భాగం) తెగలు 1894లో తుంబాంగ్ అనోయ్ అనే ఊళ్లో సమావేశమై తల నరికే ఆచారాన్ని వదిలేయడానికి ఒప్పుకున్నాయి. ఈ కత్తిని అడవిలో దారి చేసుకోవడానికీ, నాట్యంలోనూ, ఇంటి వారసత్వంగానూ చూసుకునే మనుషుల్ని తలల వేటగాళ్లుగా అమ్ముకోవడం నాకు నచ్చదు.

ఇక ఇండియాకి తేవడం. ఎలుగుబంటి కోరలు, మేఘచిరుత పళ్లు, హెల్మెటెడ్ హార్న్‌బిల్ పక్షి ముక్కు మీది దంతం ఉన్నవి ఎంత పాతవని చెప్పినా ముట్టుకోవద్దు, ఈ మూడు జంతువులూ వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందమైన సైటిస్‌లో, అంతర్జాతీయ వ్యాపారం నిషేధించిన మొదటి జాబితాలో ఉన్నాయి. దుప్పి కొమ్ము పిడి కూడా వద్దు, కస్టమ్స్‌లో అనవసరమైన టెన్షన్. పైగా 9 అంగుళాలు దాటిన బ్లేడున్న కత్తి మన ఆయుధ చట్టం కిందికి వస్తుంది, దిగుమతికి లైసెన్సు ప్రశ్న లేస్తుంది. కాబట్టి డబ్బు కట్టకముందే కస్టమ్స్ వాళ్లని రాతపూర్వకంగా అడగండి, దుకాణదారు "ఏం కాదు సార్" అన్నది లెక్కలోకి రాదు.

వీలైతే ముందు సరవాక్ రాజధాని కుచింగ్‌లో 2022లో తెరిచిన బోర్నియో కల్చర్స్ మ్యూజియం చూసి, కంటికి అలవాటయ్యాక బజారుకి వెళ్లండి. నన్నడిగితే పాతదే కావాలని పట్టుబట్టకుండా, చేయి తిరిగిన కమ్మరిని పట్టుకుని చెక్క పిడితో కొత్తది చేయించుకోండి. వాళ్లింటి తాతల కత్తి వాళ్లింట్లోనే ఉంటుంది, మీరిచ్చే డబ్బు పని చేసినాయనకే చేరుతుంది.