స్టీమ్ డెక్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఇంత తలనొప్పా? – పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం ఒకే వస్తువు మీద, చేతిలో పట్టుకుని గేమ్స్ ఆడుకునేలా వాల్వ్ కంపెనీ చేసిన స్టీమ్ డెక్ మీద. అమెరికా నుంచి అన్నయ్యో బావో సూట్‌కేసులో పెట్టుకొచ్చి చేతిలో పెట్టేసి, రెండు వారాలుండి తిరిగి వెళ్లిపోయారు, ఇప్పుడు దీంతో ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈ నెల ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పక్కన పెట్టి స్టీమ్ డెక్ ప్రశ్నలే తీసుకున్నాం.

ప్రశ్న: సార్, డెక్‌లో గేమ్స్ బానే ఆడుతున్నా. ఇది మామూలు కంప్యూటర్ కూడా అని అన్నయ్య చెప్పాడు. సినిమాలు చూద్దామని బ్రౌజర్‌లో వీఎల్‌సీ దించి డబుల్ క్లిక్ చేస్తే ఏమీ అవట్లేదు. కీబోర్డ్ కూడా రాట్లేదు. పాడైన పీస్ అంటగట్టారా? – ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పీస్ బంగారంలా ఉందండీ, మీరు దించింది విండోస్ ఫైలు, అంతే. ఇది 2022 ఫిబ్రవరిలో వచ్చిన మెషీన్, చూడ్డానికి ఆటబొమ్మ గానీ లోపల 16 జీబీ ర్యామ్ ఉన్న అసలు సిసలు కంప్యూటరే, కాకపోతే నడిచేది విండోస్ మీద కాదు, లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. ఇందులో ఉన్న లినక్స్ పేరు స్టీమ్ ఓఎస్. విండోస్ గేమ్స్ నడుస్తున్నాయి కదా మరి ఇదెందుకు నడవదు అని మీకు డౌట్ రావచ్చు, గేమ్స్‌కి మధ్యలో ప్రోటాన్ అనే ఒక దుబాసీ ఉంటాడు, విండోస్ భాషని లినక్స్‌కి మార్చి చెప్తుంటాడు. మీరు వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఫైలుకి ఆ దుబాసీ తనంతట తాను వచ్చి కూర్చోడు.

మీకు కావాల్సింది డిస్కవర్. స్టీమ్ బటన్ నొక్కి, పవర్‌లోకి వెళ్లి, స్విచ్ టు డెస్క్‌టాప్ కొట్టండి. కింద టాస్క్‌బార్‌లో నీలం రంగు సంచి బొమ్మ ఉంటుంది, అదే. ఫోన్లో ప్లే స్టోర్ ఎలాగో ఇది అలాగే, వీఎల్‌సీ అని వెతికి ఇన్‌స్టాల్ కొట్టడమే, పాస్‌వర్డ్ కూడా అడగదు.

ఇక మౌస్ సంగతి. కుడివైపు చదరంగా ఉన్న ప్యాడ్ మీద బొటనవేలు జరిపితే బాణం కదుల్తుంది, కుడి ట్రిగ్గర్ మామూలు క్లిక్కు, ఎడమ ట్రిగ్గర్ రైట్ క్లిక్కు. అవును, తిరగేసినట్టే ఉంటుంది, నాక్కూడా అలవాటయ్యే దాకా వారం పట్టింది. కీబోర్డ్ కావాలంటే స్టీమ్ బటన్ పట్టుకుని ఎక్స్ నొక్కాలి. ఇక్కడో తిరకాసుంది, డెస్క్‌టాప్‌లో స్టీమ్ ప్రోగ్రాం (గేమ్స్ కొనేదీ ఆడేదీ దాంట్లోనే) నడుస్తుంటేనే ఆ కీబోర్డ్ వస్తుంది. గేమ్ ఆడట్లేదు కదా ఇదెందుకులే అని స్టీమ్ మూసేశారనుకోండి, కీబోర్డూ దాంతోపాటే పోయింది. మీ కేసులో జరిగింది ఇదే అని నా అనుమానం. స్టీమ్ మళ్లీ తెరవండి, వస్తుంది.

వీఎల్‌సీ ఎక్కాక మెనూలో దాని మీద రైట్ క్లిక్ చేస్తే యాడ్ టు స్టీమ్ అని ఉంటుంది, అది కొట్టి గేమింగ్ మోడ్‌కి, అంటే మామూలుగా గేమ్స్ ఆడే స్క్రీన్‌కి వచ్చేస్తే లైబ్రరీలో నాన్ స్టీమ్ వరసలో కనిపిస్తుంది. ఇకమీదట సినిమా కోసం డెస్క్‌టాప్‌కి వెళ్లక్కర్లేదు.

ప్రశ్న: ఒక వీడియో చూసి అందులో చెప్పిన కమాండ్స్ అన్నీ కొట్టి ఏవేవో ప్రోగ్రాంలు, తెలుగు ఫాంట్లు ఎక్కించాను. రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేశాయి. మొన్న అప్‌డేట్ రాగానే అన్నీ మాయం. వైరస్సా? – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: వైరస్ కాదమ్మా. ఇదే పని నేనూ చేశాను, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని, కాలర్ ఎగరేసి పడుకుని, నెల తిరక్కుండా ఖాళీ మెనూ చూసుకుని తెల్లమొహం వేశాను. తప్పు నాదే, నేను చూసిన వీడియోలో చివర్న చెప్పాడు, నేను అక్కడిదాకా చూళ్లేదు.

అద్దె ఇల్లు అనుకోండి. గోడలు ఓనర్‌వి, బీరువా మీది. స్టీమ్ ఓఎస్‌లో సిస్టమ్ భాగం గోడల్లాంటిది, మామూలుగా రాయడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంటుంది. మీరు కొట్టిన కమాండ్స్‌లో మొదటిదే ఆ తాళం తీసే కమాండ్ అయ్యుంటుంది, తర్వాతవి పాక్‌మ్యాన్ అనే పనిముట్టుతో ప్రోగ్రాంలు ఎక్కించేవి, అంటే గోడకి మేకులు కొట్టారన్నమాట. డెక్‌లో సిస్టమ్‌వి రెండు కాపీలుంటాయి, అప్‌డేట్ వచ్చినప్పుడు మీరు వాడని కాపీలో కొత్తది మొత్తంగా పోసి, రీస్టార్ట్ అయ్యాక అందులోకి మారిపోతుంది. కొత్త గోడలకి పాత మేకులుండవు కదా. మీ హోమ్ ఫోల్డర్ మాత్రం బీరువా, దాని జోలికి అప్‌డేట్ రాదు. డిస్కవర్ నుంచి ఎక్కినవి ఫ్లాట్‌ప్యాక్ అనే పద్ధతిలో బీరువా వైపే చేరతాయి, అందుకే అవి నిలుస్తాయి.

కాబట్టి ఫాంట్ ఫైలుని హోమ్ ఫోల్డర్‌లో పెట్టాలి. డెస్క్‌టాప్‌లో ఆ ఫైలు తెరిస్తే ఇన్‌స్టాల్ బటన్ వస్తుంది, మీ ఒక్కరికా సిస్టమ్ మొత్తానికా అని అడిగితే పర్సనల్ అని చెప్పండి. బయటి కీబోర్డ్ తగిలించి తెలుగు టైప్ చేయాలంటే సిస్టమ్ సెట్టింగ్స్, కీబోర్డ్, లేఅవుట్స్‌లోకి వెళ్లి ఇండియా కింద తెలుగు కలుపుకోండి, అది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, అంటే భారతీయ భాషలకి ఉన్న ప్రామాణిక అక్షరాల అమరిక, దానికి ఏ కమాండూ అక్కర్లేదు.

ఇంకోటి, కమాండ్ విండోలో పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు గానీ చుక్కలు గానీ ఏవీ కనపడవు, కీబోర్డ్ చచ్చిపోయిందనుకుని నాలుగుసార్లు కొట్టకండి. అసలు కొత్త డెక్‌కి పాస్‌వర్డే ఉండదు, మీరు పెట్టుకుంటేనే ఉంటుంది. ఏదైనా గైడ్ మొదటి మెట్టులోనే పాస్‌వర్డ్ పెట్టమంటే అక్కడే ఒక నిమిషం ఆగి, ఇదే పని డిస్కవర్‌లో అవుతుందేమో చూడండి. పదిలో ఎనిమిదిసార్లు అవుతుందని నా అనుభవం.

ప్రశ్న: నాది 64 జీబీ మోడల్. నిండిపోయింది. మెమరీ కార్డు వేస్తే చాలా? – ఓ పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: గేమ్స్‌కి చాలు. కార్డుని గేమింగ్ మోడ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్లి అక్కడే ఫార్మాట్ చేయండి, కార్డులో ఉన్నవన్నీ పోతాయి, పెళ్లి ఫోటోలున్న కార్డు పెట్టకండి. ఆ తర్వాత అది విండోస్ ల్యాప్‌టాప్‌కి అర్థం కాదు. గేమ్ కార్డు మీద ఉన్నా దానికి సంబంధించిన క్యాష్ సామాను (వేగం కోసం దాచుకునే ఫైళ్లు) కొంత లోపలి మెమరీలో పేరుకోవచ్చు, డిస్కవర్ యాప్స్ కూడా లోపలికే పోతాయి, అందుకని వాడని యాప్స్ తీసేస్తుండాలి.

ప్రశ్న: నా వయసు 61. మా అమ్మాయి పాతది నాకిచ్చింది. ఏదైనా నొక్కితే మొత్తం పోతుందేమోనని చేతులు వణుకుతున్నాయి. – ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: పెద్దవారు, ధైర్యంగా నొక్కండి సార్. పైన చెప్పానే రెండు కాపీలని, అది మీలాంటి వాళ్లకి వరం. అప్‌డేట్ తర్వాత తేడా చేస్తే ఆఫ్ చేసి, మూడు చుక్కల బటన్ పట్టుకుని ఆన్ చేయండి, పాత కాపీలోకి వెళ్లే దారి చూపిస్తుంది. అసలు ఆన్ కాకపోతే పెన్‌డ్రైవ్‌లో రికవరీ ఇమేజ్ (సిస్టమ్‌ని మళ్లీ వేసే ఫైలు) వేసి, వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని పవర్ నొక్కితే ఒక జాబితా వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుంటే దాన్నుంచి ఆన్ అవుతుంది. అందులో రీఇన్‌స్టాల్ స్టీమ్ ఓఎస్ అనేది మీ గేమ్స్, ఫైల్స్ ఉంచేసి సిస్టమ్ మాత్రం కొత్తది వేస్తుంది. రీఇమేజ్ అనేది మాత్రం మొత్తం ఊడ్చేస్తుంది. ఈ రెండు పేర్లు ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టుకోండి, అవసరమైన రోజు గుర్తుండవు.

ప్రశ్న: అన్నా, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కొడుకు, 12 ఏళ్లు, తెలుగు చదవడం నేర్చుకోవడానికి పదాల ఆట ఒకటి రాశాను. వాడి డెక్‌లో ఎక్కించుకోమని 14 మెట్లతో రీడ్‌మీ పంపితే మూడో మెట్టు దగ్గరే ఆపేశాడు. ఇంకా వివరంగా రాయాలా? – ఓ విద్యార్థి, కాకినాడ

జవాబు: వద్దు తమ్ముడూ. వివరంగా రాస్తే 14 కాస్తా 22 అవుతాయి. మెట్లు తీసెయ్. నీ రీడ్‌మీ చూశాను, మూడో మెట్టు ఏంటో తెలుసా, పాస్‌వర్డ్ పెట్టుకో అన్నావ్. నాలుగోది సిస్టమ్ తాళం తీయమన్నావ్. నువ్వు రాసింది పైథాన్‌లో ఒక చిన్న ఆట, దానికి సుడో, అంటే సిస్టమ్ మొత్తం మీద అధికారం ఇచ్చే కమాండ్, ఎందుకురా? నీ ఉబుంటు (అదీ ఒక రకం లినక్సే) ల్యాప్‌టాప్‌లో నువ్వెలా ఎక్కించుకున్నావో అదే వరస వాడికి పంపావు. పైగా అది నడిచినా తర్వాతి అప్‌డేట్‌కి ఎగిరిపోయేది, పైన విజయవాడ అమ్మాయికి జరిగినట్టే.

ముందుగా ఆటనీ దానికి కావాల్సిన లైబ్రరీలనీ (ఆట వాడుకునే రెడీమేడ్ కోడ్) కలిపి ఒకే ఫైలుగా, అంటే యాప్‌ఇమేజ్‌గా కట్టు. దాన్ని హోమ్ ఫోల్డర్‌లో పడేసి, ఎగ్జిక్యూటబుల్ టిక్ (ప్రోగ్రాంలా నడవడానికి అనుమతి) పెట్టి, మెనూలో బొమ్మ తగిలించే చిన్న స్క్రిప్టు రాయి. ఆ స్క్రిప్టుని నెట్ నుంచి పిలిచే డెస్క్‌టాప్ ఫైలు ఒక్కటే వాడికి పంపు. వాడు చేయాల్సింది దించుకోవడం, డబుల్ క్లిక్, కంటిన్యూ చేయాలా అని అడిగితే ఊఁ అనడం. ఏ ఫోల్డర్‌లో పెట్టాలి, ఏ వెర్షన్ కావాలి అని వాణ్ని అడగకు, వాడికేం తెలుసు. అడగాల్సి వచ్చిన ప్రతి ప్రశ్నా నువ్వు తేల్చుకోకుండా వాడి మీదకి తోసేసిందే. నెట్ పోతే మధ్యలో ఆగి ఇంగ్లీషులో ఇరవై లైన్ల ఎర్రర్ కక్కకుండా, నెట్ లేదు, వచ్చాక మళ్లీ నొక్కు అని ఒక్క ముక్క చూపించు. రెండోసారి నొక్కినా పాడవకూడదు, పిల్లలు రెండేం ఖర్మ ఐదుసార్లు నొక్కుతారు. తీసేసే బొమ్మ కూడా ఒకటి పెట్టు.

ఎక్కించాక కూడా పని ఉంది. వాల్వ్ వాళ్లు గేమ్స్‌కి వెరిఫైడ్ ముద్ర వేసేటప్పుడు నాలుగు చూస్తారు, బటన్లతో మొత్తం నడుస్తుందా, స్క్రీన్ మీద చదవగలుగుతామా, మధ్యలో అడ్డొచ్చే హెచ్చరికలూ లాంచర్లూ (ఆట కంటే ముందు తెరుచుకునే వేరే ప్రోగ్రాంలు) ఉన్నాయా, సిస్టమ్‌లో అన్నీ సపోర్ట్ అవుతాయా అని. నీది స్టోర్‌లోకి వెళ్లకపోయినా ఆ నాలుగూ నీకు నువ్వు పెట్టుకో. ముఖ్యంగా రెండోది. స్క్రీన్ సుమారు 7 అంగుళాలు, 1280 బై 800 పిక్సెళ్లు, అంటే చుక్కలు. అక్షరం ఎత్తు 9 పిక్సెళ్లకి తగ్గకూడదని వాళ్ల లెక్క, అది ఇంగ్లీషుకి సరిపోతుందేమో గానీ మనకి చాలదు. ఆ సైజులో స్త్రీ అని రాసి చూడు, కింద తకారం, రకారం కలిసిపోయి చీమ చచ్చినట్టు మచ్చ కనిపిస్తుంది. చదవడం నేర్చుకునే పిల్లాడికి ఒత్తే కదా కనపడాల్సింది! రెట్టింపు కంటే ఎక్కువే పెట్టు. పేరు టైప్ చెయ్యి అని మొదట్లోనే అడిగే ఆ పెట్టె కూడా తీసెయ్, గేమింగ్ మోడ్‌లో వాడు కీబోర్డ్ కోసం వెతుక్కోవాలి.

ఈ బాధ కొత్తది కాదులే. మన బెంగళూరులో సింప్యూటర్ అని ఒకటి చేశారు, నువ్వు పుట్టకముందు సంగతి, దాని ట్రస్టు 1999లో మొదలైంది, 2004లో అమిడా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. అదీ చేతిలో పట్టే లినక్స్ కంప్యూటరే. ఊరందరికీ కలిపి ఒక మెషీన్ ఉన్నా సరే, ఎవరి స్మార్ట్ కార్డు వాళ్లు పెడితే ఎవరి వివరాలు వాళ్లకి వచ్చేలా ఆలోచించారు. అమ్మకాల్లో పెద్దగా నిలబడలేదనుకో, కానీ సెటప్ అంటే కార్డు దూర్చడమే అన్న ఆ ఆలోచన నాకిప్పటికీ నచ్చుతుంది.

తర్వాతెప్పుడైనా ఓపిక ఉంటే ఫ్లాట్‌ప్యాక్‌గా కట్టి ఫ్లాట్‌హబ్‌కి, అంటే ఫ్లాట్‌ప్యాక్‌లు దొరికే కొట్టుకి పంపు, వాళ్లు చూసి ఒప్పుకుంటే డిస్కవర్‌లోనే కనిపిస్తుంది, అప్‌డేట్లూ అక్కణ్నుంచే వెళ్తాయి. ఈలోపు కొత్త ఫైలు పంపి, తమ్ముడికి వీడియో కాల్ చేసి ఫోన్ డెక్ వైపు తిప్పమను. వాడు నొక్కుతుంటే నువ్వు నోరు మూసుకుని చూడు, అక్కడ నొక్కరా ఇక్కడ నొక్కరా అనొద్దు. ఎక్కడ బొటనవేలు ఆగిందో రాసుకో. ఆ చీటీ నాకూ పంపు, వచ్చే నెల ఇక్కడ వేద్దాం.