సింకు నిండితే ముందు చేయాల్సిన పని

అల్లుడూ,

సింకులో నీళ్లు దిగడం లేదు, పైపులోకి దించి అడ్డం తీసే స్ప్రింగు కొనమంటావా, అడ్డాన్ని కరిగించే పౌడరు పొయ్యమంటావా అని మెసేజ్ పెట్టావు. ఇప్పుడే రెండూ వద్దు. అడ్డం ఎక్కడ పడిందో తెలుసుకోకుండా సామాను కొంటే సామాను అటకెక్కుతుంది, అడ్డం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ముందు ఇల్లంతా ఒక చుట్టు తిరిగి ఒక్కో కుళాయీ కాసేపు వదిలి చూడు. ఆ ఒక్క సింకులోనే నీళ్లు నిలుస్తుంటే అడ్డం చాలావరకు దాని కింద కాసిని నీళ్లు నిలిచేలా వంచిన పైపు ముక్క, అదే ట్రాప్‌లోనో, ఆ తర్వాతి వంపులోనో ఉంటుంది. అలా కాకుండా వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడు బాత్రూం జాలీలోంచి పైకి తన్నుకొస్తున్నాయంటే, అడ్డం ఆ రెండూ కలిసే పైపులో ఉన్నట్టు. అప్పుడు బయట ఛాంబరు, అంటే ఇంటి పైపులన్నీ వచ్చి కలిసే డ్రైనేజీ గుంత, మూత తీసి చూడాలి. నిండి ఉంటే అడ్డం దానికి అవతల, ఖాళీగా ఉంటే ఇంటికీ దానికీ మధ్య. దూరంగా నిలబడి చూడటం వరకే నీ పని. అందులోకి దిగడమన్న మాటే వద్దు, తల లోపలికి వంచి తొంగిచూడటం కూడా వద్దు. లోపలి విషవాయువు మనిషిని నిమిషాల్లో పడేస్తుంది.

సింకు ఒక్కటే అయితే కొనాల్సిన మొదటి సామాను ప్లంజర్, కర్ర చివర రబ్బరు గిన్నె ఉండేది. రబ్బరు గిన్నె అంచు చదునుగా ఉండేది సింకుకీ బాత్రూం జాలీకీ. గిన్నె లోపల్నుంచి ఇంకో రబ్బరు అంచు కిందికి దిగి ఉండేది కమోడ్‌కి. ఒకదానికి కొన్నది రెండోదానికి సరిగ్గా అతుక్కోదు. అతికినా, కమోడ్‌లో పెట్టినదాన్ని వంటింట్లోకి తెస్తే మీ అమ్మ ఊరుకోదు.

ప్లంజర్ పనిచెయ్యదని చాలామంది అంటారు కానీ లోపం వాడే తీరులోనే ఉంటుంది. గిన్నె పూర్తిగా మునిగేంత నీళ్లు సింకులో ఉండాలి. కింద గాలి ఉంటే నువ్వు నొక్కిన బలానికి అది అణిగి ఊరుకుంటుంది. నీళ్లు అణగవు కాబట్టి బలమంతా అడ్డం మీదికే పోతుంది. వాష్‌బేసిన్ గోడకి పైన చిన్న కంత ఉంటుంది చూడు, నీళ్లు పొంగిపోకుండా పెట్టింది, దాన్ని తడిగుడ్డతో గట్టిగా మూసెయ్. రెండు గిన్నెల సింకైతే రెండో గిన్నె కంత కూడా మూయాలి. రబ్బరు అంచుకి కాస్త వాసెలిన్ రాస్తే పట్టు కుదురుతుంది. మొదటి నొక్కు మెల్లగా వెయ్, లోపలి గాలి బయటికి పోవాలి. ఆ తర్వాత గిన్నె ఊడకుండా పైకీ కిందికీ 15, 20 సార్లు గట్టిగా ఆడించి, చివర్న ఒక్కసారిగా లాగెయ్. నన్నడిగితే నొక్కడం కంటే లాగడమే ముఖ్యం. నొక్కుతూ పోతే అడ్డం ఇంకా బిగుస్తుంది, అటూ ఇటూ ఊగితేనే వదులవుతుంది.

దానికీ లొంగకపోతే ట్రాప్ విప్పు. ఎటు వాషరు ఎటు పెట్టాలో మర్చిపోకుండా ముందే ఫోటో తీసుకో. కింద బకెట్ పెట్టి చేత్తోనే తిప్పు, బిగించేటప్పుడూ చేత్తోనే. పానా పెట్టి బలం చూపిస్తే ప్లాస్టిక్ మర చిట్లిపోతుంది. లోపల బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది. గీరితే మెత్తగా జారుతూ, ముట్టుకున్న వేలికి గంటల తరబడి వాసన వదలనిది. అదంతా నూనె జిడ్డూ సబ్బూ కలిసి గట్టిపడింది. పాత టూత్‌బ్రష్‌తో గీకి చెత్తబుట్టలో వెయ్. బకెట్లో నీళ్లని అలవాటుగా అదే సింకులో పొయ్యకు, కింద ట్రాప్ లేదు! బిగించాక సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద పొడి కాగితం పరిచి చూడు. ఎక్కడ కారుతోందో అదే చెబుతుంది. ఈ ట్రాప్ పీకేసి నేరుగా పైపు పెట్టించుకో, మళ్లీ అడ్డం పడదు అని ఎవరైనా చెప్తే వినకు. అందులో నిలిచే నీళ్లే డ్రైనేజీ కంపు ఇంట్లోకి రాకుండా ఆపుతాయి.

బాత్రూంలో అయితే ఇంత తతంగం ఉండదు. అక్కడ నూటికి తొంభైసార్లు వెంట్రుకలే. అంచుల్లో ముళ్లు ఉండే సన్నటి ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది. జాలీ తీసి దాన్ని దించి మెల్లగా తిప్పి లాగితే చాలు.

ట్రాప్ శుభ్రంగా ఉన్నా నీళ్లు దిగడం లేదంటే అప్పుడు స్ప్రింగు. ఇంటికి 6 మిల్లీమీటర్ల మందం, 5 మీటర్ల పొడవున్నది సరిపోతుంది. లావుదైతే వంపు తిరగదు. ట్రాప్ విప్పే ఉంచి, నేరుగా గోడలోని పైపులోకి దించు. ఎక్కడైనా తగిలి ఆగితే తొయ్యకు, హ్యాండిల్ తిప్పు. వంపైతే తిరిగి ముందుకు పోతుంది, అడ్డమైతే దాని చివరి కొక్కేనికి చిక్కుతుంది. బయట వైరు జానెడు కంటే ఎక్కువ వదలకు, మెలిపడి చేతికి కొడుతుంది. వెనక్కి తీసేటప్పుడు అదే వైపు తిప్పుతూ లాగు, ఎదురు తిప్పితే పట్టుకున్నది జారిపోతుంది. కమోడ్‌లో మాత్రం ఇది పెట్టకు, పింగాణీ గీతలు పడుతుంది. దానికి రబ్బరు తొడుగున్న స్ప్రింగు వేరే ఉంది.

ఇక పౌడరు సంగతి. అందులో ఉండేది చాలావరకు కాస్టిక్ సోడా. నీళ్లు తగలగానే సలసలా వేడెక్కి జిడ్డుని కరిగించే మాట నిజమే. కానీ నీళ్లు పూర్తిగా నిలిచిపోయినప్పుడు అది అడ్డం దాకా సరిగా చేరదు. పైగా అప్పుడు సింకు నిండా ఒళ్లు కాల్చే నీళ్లుంటాయి. వాటి మీద ప్లంజర్ కొడితే కళ్లలోకి చింది చూపే పోవచ్చు. అది పోసి పనిచెయ్యలేదని పైన యాసిడ్ పొయ్యడం ఇంకా ఘోరం. యాసిడ్‌కి బ్లీచింగ్ తోడైతే క్లోరిన్ వాయువు వస్తుంది. నేనైతే నా ఇంట్లో ఆ పౌడరు పెట్టుకోను.

వంటసోడా, వెనిగర్ చిట్కా అందరూ చెబుతారు. నురగ బాగా వస్తుంది, అంతే. ఒకదాన్నొకటి చంపుకుని చివరికి ఏదో లవణం కలిసిన నీళ్లే మిగులుతాయి. దానికంటే గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త పోసి, వెనకే వేడినీళ్లు పొయ్యి. అడ్డం పూర్తిగా పడకముందు, నీళ్లు నిదానంగా దిగుతున్న రోజుల్లోనే పనిచేసే మందు అది. మరిగే నీళ్లు మాత్రం వద్దు, పీవీసీ పైపు మెత్తబడుతుంది, కమోడ్‌లో పోస్తే పింగాణీ పగలొచ్చు.

ఛాంబరు దగ్గర అడ్డమని తేలితే ఇవేవీ కొనకు, ప్లంబర్‌ని పిలువు. ఆయన దగ్గర మోటారు స్ప్రింగు ఉంటుంది. ఇప్పటికే ఏదైనా పౌడరు పోసి ఉంటే, ఆయన పైపు మీద చెయ్యి వెయ్యకముందే చెప్పు.

ట్రాప్‌లో ఏం దొరికిందో ఫోటో పంపు. భోజనాల వేళ మాత్రం పంపకు, నా ఫోన్ అప్పుడు మీ అత్తయ్య చేతిలో ఉంటుంది.

మావయ్య