క్రైసిస్ కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: మాస్ కమ్యూనికేషన్‌లో పీజీ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. ఒక పీఆర్ ఏజెన్సీలో ఇంటర్న్‌షిప్ చేస్తుండగా క్లయింట్ ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది. ఆ మూడు రోజులూ ఆఫీసులో ఉన్నాను. అప్పటి నుంచి క్రైసిస్ కమ్యూనికేషన్‌లో (సంక్షోభ సమయంలో సంస్థలు, అధికారులు జనంతో ఎలా మాట్లాడాలన్న సబ్జెక్టులో) పీహెచ్‌డీ చేసి, అదే సబ్జెక్టు బోధించాలని ఉంది. ఇంట్లో వాళ్లు 'దీనికి ఉద్యోగాలుంటాయా?' అని అడుగుతున్నారు.

జవాబు: చేయొచ్చు. అయితే ఆ మూడు రోజుల హడావుడి నచ్చి వెళ్లాలనుకుంటే మాత్రం కాస్త ఆగండి. ఆ వేడి ఏజెన్సీల్లో దొరుకుతుంది, యూనివర్సిటీలో దొరకదు. పరిశోధనలో పని చాలా నెమ్మదిగా సాగుతుంది. వందల ప్రెస్‌నోట్లు ముందేసుకుని ఈ వాక్యం ఖండనా, సాకా, క్షమాపణా అని ఒక్కొక్కటీ కోడ్ చేయాలి. అవే వాక్యాలను ఇంకొకరు చదివి అలాగే విడదీశారా అని సరిచూడాలి. ఇందులో నెలలు గడిచిపోతాయి.

ఏ క్లాసులోనైనా ముందుగా వినిపించే ఉదాహరణ టైలెనాల్ అనే నొప్పి మందుది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో ఆ క్యాప్సూళ్లలో సైనైడ్ కలిపారు. ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది. స్పందన అంటే ఇలా ఉండాలని అందరూ చెబుతారు. మీరు అడగాల్సింది ఆ తర్వాతి ప్రశ్న: విషం కలిపింది బయటివాళ్లు కదా, తప్పు కంపెనీదే అయితే జనం అలాగే క్షమించేవారా? ఈ రంగంలో పరిశోధకుడైన తిమోతీ కూంబ్స్ సిద్ధాంతం సరిగ్గా ఈ ప్రశ్న చుట్టూనే ఉంటుంది. సంస్థ తానే బాధితురాలా, అనుకోకుండా జరిగిందా, ఆపగలిగీ ఆపలేదా? జనం ఎంత బాధ్యత మోపుతారన్న దాన్ని బట్టి ఇవ్వాల్సిన జవాబు మారుతుందంటాడాయన. దెబ్బతిన్న పరువును మాటలతో ఎలా సరిదిద్దుకుంటారో చెప్పే విలియం బెనాయిట్ ఇమేజ్ రిపేర్ సిద్ధాంతం కూడా చదవండి. ఈ రెండూ చదివాక మీకు ఇంకా సందేహాలు మిగిలితే అది మంచి సూచన.

కంపెనీల పరువు ఒక్కటే ఈ సబ్జెక్టు అనుకోకండి. తుపాను హెచ్చరికలు, అంటువ్యాధుల సమాచారం కూడా ఇందులోకే వస్తాయి. నన్నడిగితే మనుషులు మరింత అవసరమైంది ఇటువైపే. 2009లో ఇటలీలోని లాక్విలాలో చిన్న చిన్న ప్రకంపనలు వస్తుంటే, భయపడాల్సిన పని లేదని ఒక అధికారి భరోసా ఇచ్చారు. కొద్ది రోజులకే వచ్చిన పెద్ద భూకంపంలో 300 మందికి పైగా చనిపోయారు. ఆ అధికారికీ, ఆయనతో కలిసి ముప్పును అంచనా వేసిన ఆరుగురు శాస్త్రవేత్తలకూ 2012లో జైలు శిక్ష పడింది. 2014లో అప్పీలులో శాస్త్రవేత్తలు నిర్దోషులుగా బయటపడ్డారు. తెలియదన్న సంగతిని జనాన్ని భయపెట్టకుండా, మోసం చేయకుండా ఎలా చెప్పాలి? ఒక జీవితకాలం పనిచేయడానికి సరిపోయే ప్రశ్న అది.

ఇక ఉద్యోగాల సంగతి. ఇంట్లో వాళ్ల టెన్షన్ సహేతుకమే. 'క్రైసిస్ కమ్యూనికేషన్' అన్న పేరుతో పోస్టులు చాలా తక్కువ. పీఆర్, జర్నలిజం, హెల్త్ కమ్యూనికేషన్, మేనేజ్‌మెంట్ విభాగాల్లో చేరి, అక్కడ ఈ పేపర్ చెప్పాల్సి ఉంటుంది. కాబట్టి పీఆర్ రైటింగ్, రీసెర్చ్ మెథడ్స్ కూడా బోధించగలగాలి. స్టాటిస్టిక్స్ అంటే భయముంటే ఇప్పుడే మొదలుపెట్టండి. పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు కాంట్రాక్టు మీదో, పోస్ట్‌డాక్‌గానో (తాత్కాలిక పరిశోధకులుగా) గడపాల్సి రావచ్చు. ఈ మాట ఇంట్లో దాచకండి.

బోధనలో మాత్రం గొప్ప తృప్తి ఉంది. క్లాసును అధికారులు, విలేకరులు, బాధిత కుటుంబాలుగా విడదీసి ఒక ప్రమాదాన్ని నడిపించి చూడండి. బాధితుల బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థి, తాను గంట క్రితం రాసిన ప్రకటననే మళ్లీ విన్నప్పుడు ఆ ముఖంలో వచ్చే మార్పు ఏ లెక్చరుతోనూ రాదు.

దరఖాస్తు పెట్టేముందు ఒక పని చేయండి. కొన్నేళ్ల కిందటి సంఘటన ఒకటి తీసుకోండి. మీ ఇంటర్న్‌షిప్ కేసు వద్దు, అక్కడ చూసినవి గోప్యమైన విషయాలు. బహిరంగంగా దొరికే ప్రకటనలన్నీ గంటల వారీగా వరుసలో పెట్టి, ఎవరు ఏం చెప్పారో, ఏం చెప్పలేదో పది పేజీలు రాయండి. నాలుగో పేజీకే విసుగొస్తే ఏజెన్సీ ఉద్యోగమే మీకు నప్పుతుంది. పదో పేజీ దాటినా ఆపాలనిపించకపోతే, ఈ విషయంపై పేపర్లు రాస్తున్న ముగ్గురు గైడ్‌లను వెతికి, ఆ పేజీలు జతచేసి మెయిల్ పెట్టండి.