కొలుపు చూసి రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

గ్రామదేవత కొలుపు (జాతర) చూసి రాసుకోవడానికి బయల్దేరుతున్నావు కాబట్టి ఈ నాలుగు మాటలు. నువ్వు పంపిన ప్రశ్నల పట్టికలో మొదటిది "మీరు దీన్ని నమ్ముతారా?" అని ఉంది. ముందు దాన్ని కొట్టెయ్. చదువుకున్న పిల్ల పరీక్ష పెడుతోందనుకుని నీకు నచ్చే జవాబే చెబుతారు. "అబ్బే, ఏదో పెద్దల నాటి అలవాటు" అని నవ్వేసినావిడే సాయంత్రం మనవడికి దిష్టి తీస్తుంది. "ఎందుకు చేస్తారు?" అన్నదీ అంతే, "అనాదిగా వస్తోంది" దగ్గర ఆగిపోతుంది.

దానికి బదులు ఇవి అడుగు. ఫలానాది దొరక్కపోతే ఏం పెడతారు? పోయినసారికీ ఈసారికీ ఏం మారింది? అన్నీ చేసినా ఫలితం రాకపోతే ఏమనుకుంటారు? మేకపోతు బదులు గుమ్మడికాయ కోసి కుంకుమ అద్దుతామన్నారనుకో, ఆ ఇంట్లో కోయడమూ ఎరుపూ జంతువుకన్నా ముఖ్యమని తెలుస్తుంది. వేపాకు బదులు మాత్రం ఏదీ పనికిరాదంటే అక్కడే కూర్చుని ఇంకో గంట మాట్లాడు. ఫలితం రాలేదంటే తప్పు ఎక్కడికి నెడుతున్నారో చూడు. మైల తగిలిందంటారు, వాటా తెగలేదంటారు, మొక్కు బాకీ ఉందంటారు. ఆ ఊరి నియమాలన్నీ ఆ సాకుల్లోనే బయటపడతాయి.

వెళ్ళిన మొదటి వారం దిష్టితో గడుపు. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, చెప్పడానికి ఎవరూ జంకరు. అయితే "ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు" అని ఒక్క ముక్కలో రాశావంటే ఏమీ రాయనట్టే. కళ్ళుప్పా, మెత్తటిదా? ఎండుమిరపకాయలు ఎన్ని, తొడిమలతోనా? ఎటు నుంచి ఎటు తిప్పారు, ఎన్నిసార్లు? తల నుంచి పాదాల దాకా దించారా? బిడ్డ ముఖం ఎటు ఉంది? "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అన్నది పైకి అన్నారా, గొణిగారా, అందులో ఎవరెవరిని కలిపారు? నిప్పుల్లో వేశారా, మూడు దారుల్లో పారేశారా? వెనక్కి తిరిగి చూశారా, కాళ్ళు కడిగారా? "పిడికెడు" అని రాసి ఊరుకోకు, చిన్న తక్కెడ దగ్గర పెట్టుకుని తూచు. మనవడికి తీసే పిడికెడూ గేదెకు తీసే పిడికెడూ ఒకటేనా అన్నది అప్పుడే తేలుతుంది.

ఇంకో సంగతి. మిరపకాయలు నిప్పుల్లో పడ్డాక ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందంటారు. అంటే ఒకే పని మందూ అవుతుంది, పరీక్షా అవుతుంది. వైద్యం ముందో రోగనిర్ధారణ ముందో చెప్పలేని ఇలాంటి చోట్లను విడిగా గుర్తుపెట్టు.

దిష్టి తీసే ఎర్రనీళ్ళ దగ్గర చాలామంది కొత్తవాళ్ళు నోరు జారతారు. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే క్షారం తగిలి ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపురంగుకు వస్తుంది. ఆ రసాయనం అక్కడ విప్పి చెప్పకు. సున్నం వేస్తేనే ఎరుపొస్తుందని ఆ ఇల్లాలికి నీకన్నా బాగా తెలుసు, కలిపింది ఆవిడే కదా! కారణం తెలిస్తే ఆచారం పోతుందనుకోవడం మన చదువు తెచ్చిపెట్టిన భ్రమ. ఆఫ్రికాలోని ఆజాండే తెగ గురించి మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ 1937లో చూపించింది ఇదే. గాదె కూలడానికి చెదలే కారణమని వాళ్ళకు తెలుసు. సరిగ్గా ఆ మనుషులు కింద కూర్చున్న వేళే ఎందుకు కూలిందన్నదే వాళ్ళ ప్రశ్న. మన దగ్గరా పాము కరిచిందని అందరికీ తెలుసు. ఊరంతా నడిచే గట్టు మీద నన్నే ఎందుకు కరిచిందన్నదానికి డాక్టరు దగ్గర జవాబు లేదు. అందుకే సూదీ మొక్కూ రెండూ నడుస్తాయి. ఒకదాని పక్కన ఒకటి రాయి, ఒకదానికి ఒకటి పోటీ అని రాయకు. (బిడ్డకు జ్వరం ఎక్కువగా ఉంటే మాత్రం నోటుపుస్తకం మూసి ఆస్పత్రికి తోడు వెళ్ళు.)

ఇక కొలుపు. కట్టు వేశాక పొలిమేర దాటనివ్వని ఊళ్ళున్నాయి, కాబట్టి చాటింపుకు ముందే లోపల ఉండు. రాత్రి ఎక్కడ పడుకోవాలో ముందే మాట్లాడుకో. నెలసరి గురించి అడుగుతారు. ఏం చెప్పాలో ముందే తేల్చుకో, అబద్ధం మాత్రం ఆడకు. తరవాత వాన పడకపోయినా నీ మీదికే వస్తుంది.

పూజారి ఒక్కడితో మాట్లాడి వచ్చేయడమే అందరూ చేసే తప్పు. కుండ చేసిన కుమ్మరి, దీపం మోసిన చాకలి, డప్పు కొట్టిన మాదిగ, పాట పాడిన ఆసాది, పంబ వాయించినవాళ్ళు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కొలుపు ఉంటుంది. బలి జంతువులో తల ఎవరికి, తొడ ఎవరికి, తోలు ఎవరికి, ఆ వాటాలు పట్టికగా రాయి. తగాదా వస్తే తేదీ వేసి రాయి. ఊరి అంతస్తుల లెక్క ఏ మంత్రంలోనూ ఇంత స్పష్టంగా దొరకదు. దున్నపోతు ముందుకాలు దాని నోట్లోనే పెట్టి, తలమీద దీపం వెలిగించడం గురించి ఎల్మోర్ 1915లోనూ, బిషప్ వైట్‌హెడ్ 1916లోనూ రాశారు. ఇద్దరూ క్రైస్తవ మిషన్ మనుషులు. వాళ్ళ కంటిని నమ్ము, విశేషణాలను వదిలెయ్. ఇప్పుడూ అలాగే జరుగుతుందని ముందే రాసుకుని వెళ్ళకు. జంతుబలిని నిషేధించే చట్టం 1950 నుంచీ ఉంది కాబట్టి ఈ మాట ఎత్తితే జంకుతారు. కత్తి పట్టినవాళ్ళ ముఖాలు ఫొటో తీయకు.

పొలి (బలి నెత్తురు కలిపిన అన్నం) పొలిమేర చుట్టూ చల్లేటప్పుడు ఒప్పుకుంటేనే వెంట నడువు. ఎక్కడెక్కడ ఆగారో ఊరి పటంలో చుక్కలు పెట్టు. ఆ గీత రెవెన్యూ హద్దుతో కలవకపోతే సంతోషించు, నీకు మంచి అధ్యాయం దొరికినట్టే.

పూనకం వచ్చినప్పుడు గడియారం చూడు. డప్పు దరువు ఎప్పుడు మారింది, ఆవులింత ముందా వణుకు ముందా, జుట్టు తానే విప్పుకుందా ఎవరైనా విప్పారా, "ఎవరు తల్లీ నువ్వు?" అని మొదట అడిగిందెవరు, ఏం ఇచ్చి శాంతపరిచారు? ఫ్లాష్ వెయ్యకు. ఆ సమయంలో ఆమెను మామూలు పేరుతో పిలవకు. నిజమా నటనా అని ఎవరినీ అడగకు. ఊళ్ళోవాళ్ళు తమలో తామే ఆ తేడా చూస్తారు, ఏ గుర్తులతో చూస్తారో అది పట్టుకో. ఆమెతో మాట్లాడాలంటే మర్నాడు, ఆమె అలసట తీరాక.

చేతబడి, బాణామతి మాట వస్తే పద్ధతి మార్చు. వెంట్రుకలు, గోళ్ళు, కాలికింది మట్టి ఎందుకు దాచుకుంటారో అడగొచ్చు. "ఎవరు చేశారంటున్నారు?" అని మాత్రం అడగకు. పట్నం నుంచి వచ్చిన మనిషి కూడా అడిగిందంటే అది అక్కడ సాక్ష్యమైపోతుంది. ఆ అనుమానంతో మనుషుల పళ్ళు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో అనకు. పేర్లకు బదులు అక్షరాలు వాడు, ఏ అక్షరం ఎవరో రాసిన కాగితం ఊళ్ళో ఉంచకు. ఒక మనిషి పేరు పదే పదే వినబడి నలుగురు గుమిగూడుతున్నారంటే పరిశోధన అక్కడికి ఆపి పోలీసులకు చెప్పు. నీ సిద్ధాంత గ్రంథం ఆలస్యమైతే అయింది.

రోజూ పడుకునే ముందే సాఫీగా రాసుకో. ఎడమ పేజీలో చూసింది, కుడి పేజీలో చెప్పింది. నీకు తోచింది వేరే రంగు సిరాతో. తెల్లారితే ఈ మూడూ కలిసిపోతాయి. మాటలను వాళ్ళ యాసలోనే ఉంచు, పుస్తకభాషలోకి దిద్దకు.

ఫొటోలు ప్రింటు తీయించి తిరిగి పట్టుకెళ్ళు. డప్పు వాళ్ళ వాడకు ముందు వెళ్ళు, సర్పంచి ఇంటికి తరవాత వెళ్ళొచ్చు.