గాలి, నీళ్ళు, ఐసోటోపులు: మీరడిగినవాటికి జవాబులు

పోయిన సంచికలో అంటార్కిటికా మంచు తవ్వి 8 లక్షల ఏళ్ళ కిందటి చలీ వేడీ లెక్క కట్టారని రెండు లైన్లు రాశాం కదా, అదెలా కుదురుతుందని చాలామంది అడిగారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఐసోటోపులకే, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులకే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం, మీ ప్రశ్న మాటకి మాట కనపడకపోయినా జవాబు ఇందులోనే ఉంటుంది.

ప్రశ్న: ఐసోటోప్ అనగానే రేడియేషన్ గుర్తొస్తుందండీ. మంచులో, సముద్రంలో ఇవి ఉన్నాయంటే ప్రమాదం కాదా? ఇవీ కార్బన్-14 లాంటివేనా?

జవాబు: కాదండీ. కార్బన్-14 కాలం గడిచేకొద్దీ తరిగిపోతూ ఉంటుంది, అందుకే దాంతో వయసు లెక్కేస్తారు. మనం మాట్లాడుకునేవి స్టేబుల్ ఐసోటోపులు, వీటిలో రేడియేషన్ ఊసే లేదు, ఎన్ని కోట్ల ఏళ్ళైనా అలాగే ఉంటాయి. కేంద్రకంలో ఒకటో రెండో న్యూట్రాన్లు ఎక్కువుంటాయి కాబట్టి కాస్త బరువెక్కువ, అంతే తేడా. ఆక్సిజన్‌లో 99.76 శాతం మామూలు ఆక్సిజన్-16 ఉంటుంది, ఆక్సిజన్-18 అయితే వెయ్యి పరమాణువుల్లో రెండు, ఆక్సిజన్-17 పదివేలల్లో నాలుగు కూడా నిండవు. కార్బన్-13 వందలో ఒకటి. బరువు హైడ్రోజన్ అయిన డ్యుటీరియం సముద్రపు నీళ్ళలో సుమారు 6,400 హైడ్రోజన్లకి ఒకటి, దాన్ని 1931లో హెరాల్డ్ యూరీ కనిపెట్టి 1934లో నోబెల్ తీసుకున్నాడు. మీరు తాగే నీళ్ళలో, మీ ఒంట్లో ఇవన్నీ ఎప్పట్నుంచో ఉన్నవే.

ప్రశ్న: అంత చిన్న బరువు తేడాతో టెంపరేచర్ ఎలా చెప్తారు సార్?

జవాబు: బరువైన నీటి అణువు ఆవిరి కావడానికి కొంచెం వెనకాడుతుంది, ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు మాత్రం ముందు అదే దిగిపోతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. వెచ్చటి సముద్రం మీద లేచిన ఆవిరి ధ్రువాల వైపు పోతూ దారిపొడుగునా కురుస్తుంది, కురిసిన ప్రతిసారీ బరువైనవి ఎక్కువగా రాలిపోతాయి, గాలి చల్లబడేకొద్దీ మిగిలిన ఆవిరి ఇంకా తేలికవుతుంది, చివరికి అంటార్కిటికా నడిమధ్య పడే మంచులో ఆక్సిజన్-18 సముద్రపు నీళ్ళతో పోలిస్తే వెయ్యికి 50 దాకా తక్కువ ఉంటుంది, అంటే ఐదు శాతం లోటన్నమాట. చలి ఎంత ఎక్కువైతే లోటు అంత ఎక్కువ.

దీన్ని పట్టుకున్నది విల్లీ డాన్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త. 1952లో కోపెన్‌హాగెన్‌లో తన ఇంటి తోటలో ఒక బీరు సీసాకి గరాటు పెట్టి వాననీళ్ళు పట్టాడు, పట్టిన నీళ్ళని ల్యాబ్‌లో కొలిస్తే వాన సాగేకొద్దీ ఐసోటోపుల లెక్క మారుతూ కనిపించింది. ఆ తర్వాత రకరకాల దేశాల నుంచి నీళ్ళు తెప్పించుకుని కొలిచాడు, చల్లటి చోట్ల నీళ్ళలో ఆక్సిజన్-18 తక్కువని తేలింది, అలాంటప్పుడు గ్రీన్‌లాండ్‌లో ఏటేటా పేరుకున్న పాత మంచు పాత చలిని చెప్పాలి కదా అన్నాడు. 1966లో అక్కడి క్యాంప్ సెంచరీలో అమెరికన్లు అడుగు రాయి తగిలేదాకా, దాదాపు 1,390 మీటర్లు తవ్వి తీసిన మంచు కోర్‌ని, అంటే పొడవాటి మంచు కడ్డీని, ఆయనే కొలిచాడు, సుమారు లక్ష ఏళ్ళ వాతావరణం బయటపడింది. తోటలో సీసా నుంచి అక్కడిదాకా వెళ్ళడం నాకైతే ఇప్పటికీ ఒళ్ళు పులకరించే సంగతి.

కానీ ఒక్క ఆక్సిజన్-18 చూసి టెంపరేచర్ తేల్చేస్తే పొరపాటు పడొచ్చు, ఎందుకంటే ఆవిరి అసలు ఏ సముద్రం మీద లేచింది, అక్కడ గాలి పొడిగా ఉందా తేమగా ఉందా అన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ఇక్కడ డ్యుటీరియం ఆదుకుంటుంది. ప్రపంచంలో ఎక్కడి వాన తీసుకున్నా సముద్రపు నీళ్ళతో పోల్చి వెయ్యికి ఎంత అని చూస్తే దాదాపుగా డ్యుటీరియం మార్పు ఆక్సిజన్-18 మార్పుకి 8 రెట్లు, దాని మీద ఇంకో 10 అని 1961లో హార్మన్ క్రెయిగ్ చూపించాడు. ఆ 10 అనేది ఆవిరి లేచిన చోటుని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది. కాబట్టి రెండూ కొలిస్తే మంచు పడిన చోటు చలీ తెలుస్తుంది, ఆవిరి లేచిన చోటు సంగతీ తెలుస్తుంది. ఈ "రెండోదాన్ని కూడా పక్కన పెట్టుకుని పోల్చి చూడటం" అన్నది గుర్తుపెట్టుకోండి, కింద జవాబుల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఈ శాస్త్రంలో అసలు పని అంతా అదే అని నా నమ్మకం.

ప్రశ్న: మంచులో అయితే పొరలుంటాయి. సముద్రంలో ఏం కొలుస్తారు? నీళ్ళన్నీ కలిసిపోతాయి కదా?

జవాబు: నీళ్ళు కలిసిపోతాయి కానీ అడుగున బురద పొరలు పొరలుగానే పేరుకుంటుంది, అందులో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు ఉంటాయి. ఓడ మీంచి గొట్టం దించి బురద కోర్ తీస్తారు, ముక్కలు కోసి జల్లెడలో కడుగుతారు, మిగిలిన సన్న రేణువుల్ని మైక్రోస్కోప్ కింద పోసుకుని తడి బ్రష్ మొనతో ఒక్కో గుల్లనీ ఏరుతారు. అవి చాలావరకు అర మిల్లీమీటర్ కూడా ఉండవు. అన్నీ కలిపేస్తే కుదరదు, ఒకే జాతివి ఏరాలి, ఎందుకంటే కొన్ని పైనీళ్ళలో బతుకుతాయి కొన్ని అడుగున బతుకుతాయి, గుల్ల కట్టే తీరు కూడా జాతిజాతికీ మారుతుంది. ఏరినవాటి మీద ఫాస్ఫారిక్ యాసిడ్ వేస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి 44, 45, 46 బరువులున్న అణువుల్ని విడదీసి లెక్కిస్తారు, ముందే లెక్క తెలిసిన గ్యాస్‌ని మధ్యమధ్యలో పంపి దాంతో పోల్చుకుంటారు, త్రాసులో ఒకవైపు రాయి పెట్టుకున్నట్టు. విడిగా కొలిస్తే ఇంత కచ్చితత్వం రాదు, పోల్చి కొలవడం వల్లే వెయ్యికి 0.1 కంటే చిన్న తేడా కూడా దొరుకుతుంది.

నీళ్ళు చల్లగా ఉంటే గుల్లలోకి ఆక్సిజన్-18 ఎక్కువ చేరుతుంది, సుమారు 4 డిగ్రీలకి వెయ్యిలో ఒకటి చొప్పున. ఈ ఆలోచన 1947లో యూరీదే. 1955లో చెజారే ఎమీలియానీ సముద్రపు కోర్లు కొలిచి మంచు యుగాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోయాయని చూపించాడు, ఆ హెచ్చుతగ్గుల్లో ఎక్కువ భాగం టెంపరేచర్ వల్లే అనుకున్నాడు. 1967లో నికొలస్ షాకల్టన్ అడిగిన ప్రశ్న చూడండి: లోతు నీళ్ళలో బతికే జాతుల్లో కూడా దాదాపు అంతే మార్పు ఉంది, అక్కడి నీళ్ళు ఇప్పటికే గడ్డకట్టడానికి దగ్గర్లో ఉన్నాయి, ఇంకెంత చల్లబడతాయి? అంటే ఎక్కువ భాగం టెంపరేచర్ కాదు, మంచు. మంచు యుగంలో తేలిక ఆక్సిజన్ ఉన్న నీళ్ళు నేల మీద మంచుగా ఉండిపోయాయి, సముద్ర మట్టం సుమారు 120 మీటర్లు దిగింది, మిగిలిన సముద్రం వెయ్యికి ఒకటి చొప్పున బరువెక్కింది. ఎమీలియానీ కొలతలు సరైనవే, వాటి అర్థమే సగం మారింది.

మరి మంచు వాటా ఎంత, చలి వాటా ఎంత? గుల్లలో మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తి కొలిచి టెంపరేచర్ వేరే దారిలో తెలుసుకోవచ్చు. ఇంకో దారి నాకు చాలా ఇష్టం, క్లంప్డ్ ఐసోటోపులు అంటారు. చలిలో కార్బన్-13, ఆక్సిజన్-18 ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే అణువులో ఉండటానికి కొంచెం ఎక్కువ మొగ్గు చూపుతాయి, అలాంటి కార్బన్ డయాక్సైడ్ బరువు 47. అవి ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు, ఆనాటి నీళ్ళ ఐసోటోప్ లెక్క తెలియకపోయినా గుల్ల ఒక్కదాంతోనే టెంపరేచర్ తెలిసిపోతుంది. కాల్‌టెక్‌లో జాన్ ఐలర్ బృందం దీన్ని నిలబెట్టింది. చిక్కేమిటంటే బరువు 47 ఉన్నవి లక్షకి నాలుగైదే, అందుకని శాంపిల్ ఎక్కువ కావాలి, గంటల తరబడి కొలవాలి.

ప్రశ్న: గాల్లో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ మనుషులదే అని ఎలా అంటారు? అగ్నిపర్వతాల నుంచి రావచ్చు కదా, సముద్రం నుంచి రావచ్చు కదా?

జవాబు: మంచి ప్రశ్న, మీలాగే అడిగినవాళ్ళు నలుగురున్నారు. మొక్కలు కార్బన్-12ని ఇష్టంగా తీసుకుంటాయి, అందుకే మొక్కల్లో, వాటి నుంచి పుట్టిన బొగ్గులో, చమురులో కార్బన్-13 తక్కువ, స్టాండర్డ్‌తో (పోల్చడానికి అందరూ ఒప్పుకున్న నమూనాతో) పోలిస్తే వెయ్యికి మైనస్ 25, మైనస్ 30 ఆ ప్రాంతంలో ఉంటుంది. పరిశ్రమలు రాకముందు గాలి మైనస్ 6.4 దగ్గర ఉండేది, ఇది మంచులో చిక్కుకున్న బుడగల్లో కొలిచిన లెక్క. ఇప్పుడు మైనస్ 8.5 దగ్గరకి వచ్చింది. అగ్నిపర్వతాల గ్యాస్ మైనస్ 5 చుట్టుపక్కల ఉంటుంది, అది ఎంత కలిసినా గాలిని ఇలా కిందకి లాగలేదు. సముద్రం నుంచి వస్తోందంటే సముద్రంలో కార్బన్ తగ్గాలి, కానీ పెరుగుతోంది, పైగా పైనీళ్ళలో కూడా కార్బన్-13 వాటా పడిపోతోంది, పగడాలూ స్పాంజీల అస్థిపంజరాల్లో అది రికార్డయ్యి ఉంది.

అయితే అడవులు తగలబెట్టినా కార్బన్-13 ఇలాగే తగ్గుతుంది, అప్పుడేంటి? ఇక్కడ మళ్ళీ రెండోది కావాలి, ఈసారి అది స్టేబుల్ కాదు, కార్బన్-14. కోట్ల ఏళ్ళ బొగ్గులో అది మిగలదు, నిన్నటి చెట్టులో ఉంటుంది. గాల్లో కార్బన్-14 పలచబడుతోందని హాన్స్ సూస్ 1955లోనే చెట్ల కలప కొలిచి చూపించాడు. రెండూ కలిపి చూశాక పెరుగుదలలో సింహభాగం బొగ్గు, చమురు, గ్యాస్ నుంచే అన్నదాంట్లో అనుమానానికి చోటు లేదు, ఈ మాట నేను మెత్తగా చెప్పదల్చుకోలేదు.

ప్రశ్న: మీథేన్‌కి కూడా ఇలాగే లెక్క ఉందా?

జవాబు: ఉంది, కానీ అంత తేటగా లేదు. బురదలో, పశువుల కడుపులో సూక్ష్మజీవులు తయారుచేసే మీథేన్‌లో కార్బన్-13 లెక్క మైనస్ 60 చుట్టూ ఉంటుంది, బావుల నుంచి లీకయ్యేది మైనస్ 44 దగ్గర, గడ్డీ కలపా కాలితే వచ్చేది ఇంకా బరువు. కొన్నేళ్ళు ఆగిన మీథేన్ 2007 నుంచి మళ్ళీ పెరుగుతోంది, అప్పట్నుంచే గాలి మీథేన్ తేలిక వైపు తిరిగింది, అంటే సూక్ష్మజీవుల వాటా పెరిగిందని ఎక్కువమంది అనుకుంటున్నారు. పశువులా, చిత్తడి నేలలా, చెత్తకుప్పలా అన్నది మాత్రం ఒక్క కార్బన్-13తో తేలదు.

ప్రశ్న: ఆక్సిజన్-17 అంత అరుదైనది కదా, దాన్ని కొలిచి లాభమేంటి?

జవాబు: మామూలుగా అయితే ఆక్సిజన్-18 ఎంత మారితే 17 అందులో సగం మారుతుంది, బరువు తేడా కూడా సగమే కాబట్టి, కొత్తగా తెలిసేది పెద్దగా ఉండదు. కానీ ఓజోన్ తయారయ్యేటప్పుడు రెండూ సమానంగా పెరుగుతాయని 1983లో మార్క్ తీమెన్స్, జాన్ హైడెన్‌రైక్ చూపించారు, ఆ గుర్తు మామూలు మార్పుల్లో రాదు. పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ ఆ ఎక్కువని కార్బన్ డయాక్సైడ్‌కి అంటిస్తుంది, దాంతో మనం పీల్చే ఆక్సిజన్‌లో 17 రవ్వంత లోటు పడుతుంది. సముద్రంలో ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు) నీళ్ళ నుంచి కొత్తగా విడుదల చేసే ఆక్సిజన్‌లో ఆ లోటు ఉండదు. కాబట్టి పైనీళ్ళలో కరిగున్న ఆక్సిజన్‌ని కొలిస్తే గాలి నుంచి దిగింది ఎంత, అక్కడే కిరణజన్య సంయోగక్రియతో పుట్టింది ఎంత అని విడదీయొచ్చు.

గంధకంలోనూ ఇలాంటిదే ఉంది. 240 కోట్ల ఏళ్ళ కంటే పాత రాళ్ళలో గంధకం-33 లెక్క వింతగా ఉందని 2000లో జేమ్స్ ఫర్కార్, హుయిమింగ్ బావో, తీమెన్స్ చూపించారు. ఓజోన్ అడ్డు లేక అతినీలలోహిత కిరణాలు కిందిదాకా దిగి సల్ఫర్ డయాక్సైడ్‌ని విడగొట్టినప్పుడు వచ్చే గుర్తది, గాల్లో ఆక్సిజన్ చేరాక ఆగిపోయింది.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, ల్యాబ్ లేదు. ఇంట్లో ఏమైనా చేసి చూడొచ్చా?

జవాబు: కొలవడం కుదరదు కానీ కొలిచినవి చూడొచ్చు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1960ల మొదట్నుంచి ఎన్నో దేశాల వాననీళ్ళ ఐసోటోపుల లెక్కలు పోగేస్తున్నాయి, రిజిస్టర్ చేసుకుంటే డేటా దొరుకుతుంది. ఏదో ఒక స్టేషన్ తీసుకుని ఆక్సిజన్-18 అడ్డంగా, డ్యుటీరియం నిలువుగా గ్రాఫ్ వేయండి. గీత వాలు 8కి దగ్గరగా వస్తుంది, బాగా పొడి ప్రాంతం అయితే అంతకంటే తగ్గుతుంది, ఎందుకంటే చినుకు నేల చేరేలోపే గాల్లో కొంత ఆవిరైపోతుంది. ముందు తేమ ఎక్కువున్న చోటు, తర్వాత ఎడారి దగ్గర చోటు వేసి రెండు గీతలూ ఒకే గ్రాఫ్ మీద పెట్టి చూడండి.